శుక్రవారం ఫోటోలు

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఈరోజు నేను నీళ్ళ మీద తేలాను.

పదకొండు సెకన్లు. షామా లెక్కపెట్టింది. గౌరీశ్వరి మాత్రం తొమ్మిదే అంటుంది. ఆవిడ ఫిజిక్సు టీచరు, ఒకరి గొప్ప ఒప్పుకునే మనిషి కాదు. విశాఖపట్నంలో పుట్టి, కంచరపాలెంలో కాపురం చేసి, ముప్పై తొమ్మిదేళ్ళుగా సముద్రం గాలి పీలుస్తూ కూడా మోకాలి లోతు దాటితే గుండె నోట్లోకి వచ్చేది నాకు. మాల్దీవుల్లో ఈ అరచేయంత దీవికి లెక్కలు చెప్పడానికి వచ్చిన నాలుగేళ్ళకి, నా క్లాసులో కూర్చునే పదిహేనేళ్ళ పిల్ల దగ్గర తేలడం నేర్చుకున్నాను.

దాని పద్ధతే వేరు. నన్ను తేలమనలేదు. ఎన్ని శుక్రవారాల నుంచో క్లాసులోని పన్నెండు మంది ఆడపిల్లల్నీ వంతులవారీగా నా చేతుల మీద వెల్లకిలా పడుకోబెడుతోంది. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒకటి. "బరువు మీరు మొయ్యట్లేదు టీచర్, నీళ్ళు మోస్తున్నాయి. ఆ సంగతి ముందు మీ చేతులకి తెలియాలి" అంటుంది. తెలిసింది.

ఇసుక దిబ్బ మీద రొట్టెలూ, కొబ్బరికోరు కలిపిన చేపా కడుపు పగిలేలా తిన్నాం. తిరిగొచ్చే పడవలో పిల్లలు నా చున్నీ కప్పుకుని పడుకున్నారు. గౌరీశ్వరి తీసిన ఫోటోలు మామూలుగానే ఇంటి గ్రూపులో పెట్టాను. మా అత్త దీవెనమ్మ నిమిషంలో దండాల బొమ్మలు పదిహేను పంపింది. మా పాస్టరు జ్ఞానదాసు గారికి కూడా పంపినట్టుంది, ఆయన నాకు "దేవుడు నీ చేతులను వాడుకొనుచున్నాడమ్మా" అని పెట్టారు. పెద్దాయన కదా, నేనూ ఒక దండం పెట్టాను. ఫ్లోరా ఒక ఎర్ర గుండె పెట్టి ఊరుకుంది. పద్నాలుగేళ్ళ పిల్లలు తల్లులకి అంతకంటే ఎక్కువ రాయరు.

సెప్టెంబర్ 14, ఆదివారం

బడి. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే పాఠం చెప్తుంటే నాలుగేళ్ళయినా తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

వాన. షికారు లేదు. పెట్టె సర్దుకున్నాను. షామా వాళ్ళమ్మ చేపల పచ్చడి సీసా తెచ్చి, "మీ అమ్మాయికి" అంది. షామా పక్కనే నిలబడి, "మీ అమ్మాయికి ఈత వచ్చా టీచర్?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదనడానికి సిగ్గేసి వచ్చని చెప్పాను.

సెప్టెంబర్ 24, బుధవారం, వైజాగ్

మాలె, బెంగుళూరు, వైజాగ్. ఒళ్ళు హూనమైంది. మా ఆయన మైఖేల్ పోర్టులో క్రేను డ్యూటీ దిగి యూనిఫాంలోనే ఎయిర్‌పోర్టుకి వచ్చాడు.

"ఓలమ్మా, ఎంత నల్లబడిపోయావే!"

"ఉప్పునీళ్ళలో నానితే నల్లబడక తెల్లబడతానా?"

"అదేలే. నీ పని అలాటిది" అని పెట్టె అందుకున్నాడు. లెక్కలు చెప్తే మనిషి నల్లబడుతుందని ఈయన దగ్గరే విన్నాను.

రెండేళ్ళ తర్వాత వచ్చాను. కిందటేడు టికెట్లు దొరకలేదు.

సందులోకి రాగానే పంపు దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. నేను మొదటిసారి వెళ్ళేరోజు "కడుపున పుట్టిన గుంటని గాలికొదిలేసి పోతన్నాది" అని నా వీపుకి వినబడేలా అన్న ఆదిలక్ష్మమ్మ కూడా లేచి, "రా తల్లీ, నీ కాలు మా గుమ్మంలో ఎట్టు" అంది. నచ్చింది. అబద్ధం ఎందుకు, బాగా నచ్చింది. ఫారిన్ మర్యాద కాబోలు అనుకున్నాను.

ఫ్లోరా నాకంటే రెండంగుళాలు ఎదిగిపోయింది. దగ్గరికొచ్చి వాటేసుకుంది గానీ, కొత్త టీచరమ్మని వాటేసుకున్నట్టు జాగ్రత్తగా. తర్వాత నా చేతులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటే?"

"ఏం లేదు. ఊరికే."

సెప్టెంబర్ 28, ఆదివారం

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

చర్చి గేటు మీద నా బొమ్మ. నాకంటే పెద్దది. నడుం లోతు నీళ్ళలో నేను, ఎండకి తల మీద చున్నీ కప్పుకుని. నా చేతుల మీద వెల్లకిలా షామా. పైన ఎర్ర అక్షరాలతో "ద్వీపములలో వెలుగు: సహోదరి రేచల్ గారి పరిచర్య" అని ఉంది. కింద గుండ్రాల్లో మిగతా పదకొండు మంది పిల్లల ముఖాలు.

ఒక్క నిమిషం నాకేమీ అర్థం కాలేదు. ఎవరో నా ఫోటో కొట్టేసి ట్యూషన్ సెంటరుకి వాడుకున్నారనిపించింది. లోపల తెర మీద చర్చి యూట్యూబు ఛానల్లోని వీడియో వేశారు. జ్ఞానదాసు గారు స్టీల్ ప్లాంటు ఫర్నేసు దగ్గర ముప్పయ్యేళ్ళు చేసి సేవలోకి వచ్చిన మనిషి. ఆ చప్పుడు మీద అరవడం అలవాటైన గొంతుకి మైకు అక్కర్లేదు, అయినా పట్టుకుంటారు.

"పాస్టరు లేని సోట, గుడి లేని సోట, మన ఆడకూతురు ఒంటి సేత్తో పన్నెండు మందికి బాప్తిస్మం ఇచ్చినాది! సూడండి, ఒక్కో పిల్లా ఎంత బాగా ముసుగేసుకుందో! సూడండి, ఎలా ఎనక్కి వాలిందో!"

చూశాను. నిజమే. మా వాళ్ళ బాప్తిస్మం అచ్చం అలాగే ఉంటుంది. నడుం లోతు సముద్రం, ఒంటినిండా బట్టలు, తల మీద ముసుగు, మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒకటి, వెనక్కి వంచి ముంచడం. ఆర్కే బీచిలో నాకు జరిగింది కూడా అలాగే. ఆ ముస్లిం పిల్లలది వాళ్ళ మతం చెప్పిన ముసుగు. మా వాళ్ళకి కనబడింది మా ముసుగు. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోటో అయితే నేనూ అదే అనుకుని స్తోత్రం చెప్పేదాన్ని.

తర్వాత పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదివారు. షామా పేరు రెండుసార్లు చదివారు. ఆ పేర్లన్నీ ఫోటోల కింద ముద్దుగా రాసి పెట్టింది నేనే.

ఆ దీవిలో గట్టిగా వెయ్యి మంది ఉంటారు. అందరూ అందరికీ చుట్టాలే. మతం మారడమనే మాట అక్కడ వేళాకోళానికి కూడా ఎవరూ అనరు. నన్నయితే ఉద్యోగం పీకేసి విమానం ఎక్కిస్తారు, పోనీ. షామాని ఎక్కడికి ఎక్కిస్తారు? ఆ పిల్లకి ఇంకో ఊరు లేదు. నాతో ఈతకని నమ్మి పంపిన తల్లికి నేనేం చెప్పాలి?

పాస్టరు గారు ముందుకి రమ్మని మైకు ఇచ్చారు. ఏడుపొచ్చింది. నన్ను చూసి చర్చంతా ఏడ్చింది. "స్తోత్రం" అన్నారు. వచ్చి కూర్చున్నాను.

అదే రోజు, సాయంత్రం

మైఖేల్‌కి తెలుసు. అత్తకి తెలుసు. అందరికీ తెలుసు.

"ఆ వీడియో ఎప్పట్నించి ఉంది?"

"జూన్ నుండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఫోన్లో ఆ సంగతి ఎత్తొద్దని పాస్టరు గారు సెప్పారే. అక్కడోలు ఇంటే నీకు పెమాదం కదా."

"ఫోన్లో అనకూడదు, యూట్యూబులో పెట్టొచ్చా?"

మైఖేల్ కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"అది తెలుగులో ఉంది కదే" అన్నాడు.

నవ్వాలో తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. ఇది అబద్ధమని నీకు తెలుసా తెలియదా అని నిలదీశాను. "నాను సెప్పలేదు. కాదనీ అనలేదు" అన్నాడు. తర్వాత తల దించుకుని, "పోర్టులో ఇదివరకు నన్నేటనీవోరో నీకేటి తెలుసు? పెల్లాన్ని దేశాలట్టించి కూకోని తింతన్నాడు అనీవోరు. ఇప్పుడు మైఖేలన్నా అని కుర్సీ ఏత్తన్నారు" అన్నాడు.

అత్త వంటింట్లోంచి బయటికి రాకుండానే అంతా విన్నది. నేనే వెళ్ళాను. చేపలకి పులుసు పెడుతోంది.

"నువ్వు ఎల్లిన కాడ్నించి ఆ గుంట మూడ్రోజులు మెతుకు ముట్టలేదు. ఏటి సెప్పమంతావు? మీయమ్మ ఉజ్జోగం బాగుందని ఎల్లిపోనాదని సెప్తే తింతాదా? దేవుడి పని మీద ఎల్లింది, నువ్వు ఏడిత్తే దేవుడికి అడ్డం అన్నాను. ఆ పూట తిన్నాది. అంతే నాను సేసింది."

తర్వాత ఫ్లోరా ఆ మాట సండే స్కూల్లో చెప్పింది. అక్కడి పిల్లలు ఇళ్ళల్లో చెప్పారు. నాలుగేళ్ళు గడిచేసరికి అది గేటు మీద కట్టే బొమ్మంత అయింది.

సెప్టెంబర్ 29, సోమవారం

పొద్దున్నే పాస్టరు గారింటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. అంతా చెప్పాను. అది ఈత పాఠం, ఆ పిల్లలెవరూ మతం మారలేదు, నేనెవరికీ వాక్యం చెప్పలేదు, వీడియో తీసెయ్యండి అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తెరిచేసరికి వాటి నిండా నీళ్ళు.

"సూశావా అమ్మా, ఇదే తగ్గింపంటే. ఇంకోలైతే నానంత సేశాను ఇంత సేశాను అనీవోరు. నువ్వు ఏటీ సెయ్యలేదంతన్నావు."

"నిజంగానే చెయ్యలేదు బాబుగారూ!"

"నాకు తెలుసు. నువ్వు అలాగే సెప్పాల. ఆ పిల్లల్ని కాపాడుకోవాల కదా. నా కాడ దాచక్కర్లేదు, నాను ఎవరికీ సెప్పను."

ఊరందరికీ తెర కట్టి చూపించిన మనిషి ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చాడు. ఎంత గట్టిగా కాదంటే అంత గొప్పదాన్ని అయిపోతున్నాను. ఇలాంటి లెక్క నా సర్వీసులో చూడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. వచ్చేటప్పుడు ఒక సంగతి చెప్పారు. "ఛానలు సంగతి నాకేటి తెలుసమ్మా. బొమ్మలు పెట్టడం, తియ్యడం, పాస్‌వర్డూ, అన్నీ మీ ఫ్లోరా కాడే ఉన్నాయి. ఆ వీడియో సేసిందీ దానే. ఎంత బాగా సేసిందో!"

సెప్టెంబర్ 30

ఫ్లోరాకి చెప్పాలి. రేపు.

అక్టోబర్ 1

రేపు.

అక్టోబర్ 2

ఫ్లోరా నా కోసం కాఫీ పెట్టడం నేర్చుకుంది. కప్పు తెచ్చి నా పక్కన కూర్చుని, అక్కడ ఎవరికైనా కోపం వస్తే నిన్ను కొడతారా అమ్మా అని అడిగింది. లేదు, చాలా మంచివాళ్ళు అన్నాను. "నువ్వు అందరినీ మంచోళ్ళనే అంటావు" అని నా చెయ్యి నిమిరింది. శనివారం భీమిలి వెళ్దాం, అక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాను. ఎగిరి గంతేసింది. దసరా సెలవులు కదా.

అక్టోబర్ 4, శనివారం

భీమిలి. బీచి రోడ్డు మీద బస్సులో కిటికీ పక్కన ఫ్లోరా, దాని పక్కన నేను, వెనక సీట్లో మైఖేల్. నేను ఊళ్ళో లేని శనివారాలు వీళ్ళు ఎక్కడికి వెళ్ళేవారని అడిగాను. ఎక్కడికీ వెళ్ళేవారు కాదట. శనివారం పొద్దున ఫ్లోరాకి వీడియో పని ఉంటుంది. శుక్రవారం నా ఫోటోలు వస్తాయి కదా.

నీళ్ళ దగ్గర జనం పలచగా ఉన్నారు. వలలు లాగే వాళ్ళు నలుగురు, అంతే. మైఖేల్ మొక్కజొన్న పొత్తులకి వెళ్ళాడు. ఫ్లోరా సల్వారు మోకాళ్ళ దాకా మడిచి అలల్లో నిలబడింది. ఇప్పుడు చెప్పేద్దామని నేనూ దిగాను. నోరు తెరిచేలోపు అదే తిరిగింది.

"అమ్మా, నాకొకటి కావాలి. కాదనకూడదు."

"చెప్పు."

"వచ్చే నెల మా బేచికి బాప్తిస్మాలు ఇస్తారు. నేను తీసుకోనని చెప్పేశాను. నాకు నువ్వే ఇయ్యాలి."

నీళ్ళు నా కాళ్ళ కింద ఇసుకని లాగేశాయి.

"ఇక్కడ ఆడోళ్ళు ఇవ్వకూడదంట, పాస్టరు తాతయ్య సెప్పారు. అక్కడ పాస్టరు లేడు కాబట్టి నువ్వు ఇవ్వొచ్చంట. నన్ను అక్కడికి తీసుకెళ్ళు. ఆ షామాకి ఇచ్చిన సోటే నాకూ ఇయ్యి. పన్నెండు మందికి ఇచ్చావు కదా, నేను పదమూడోదాన్ని." ఇంత చెప్పి, నాకు అడ్డం చెప్పే వీలు లేకుండా, "నేను లైను కడతాను అమ్మా, ముందు నిలబడను" అంది.

అంత గుండెలవిసేలా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. చెప్పాల్సింది అప్పుడే. దాని మొహం చూశాను. "చూద్దాంలే" అన్నాను. మైఖేల్ పొత్తులు తెచ్చాడు. తిన్నాం.

చూద్దాంలే అట! నా నోరు పడిపోను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గౌరీశ్వరి ఫోను. దీవిలోనే ఉంది, సెలవులకి రాలేదు. గొంతు గుసగుసగా ఉంది.

"రేచల్ మేడమ్, ఏటిది? బేకరీలో మన సీకాకులం కోటి లేడూ, ఆడి ఫోన్లో మీ వీడియో వచ్చినాది. మన టీచరు ఫేమస్ అయిపోనారు, ఓనరుకి సూపిత్తాను అంతన్నాడు. ఆపినాను. రెండ్రోజులు ఆగరా, నాను కూడా ఉంతాను అని సెప్పి ఆపినాను."

ఆ బేకరీ ఓనరు షామాకి సొంత మేనమామ.

"అది తెలుగులో ఉంది కదా" అన్నాను. మైఖేల్ మాటే నా నోట్లోంచి వచ్చింది.

"ఫోటోకి తెలుగేటి, ఇంగ్లీసేటి మేడమ్! కింద పిల్లల పేర్లు ఇంగ్లీసులోనే రాసుంది. పక్కన సిలవ బొమ్మ. రేపటికల్లా తియ్యకపోతే ఆ పిల్ల బతుకు ఏటవుతాదో మీకు నాను సెప్పాలా?"

ఫోను పెట్టేశాక పాస్టరు గారి పాత మెసేజీలన్నీ పైనుంచి చదివాను. ఈ డైరీలో ఇప్పటిదాకా అమాయకురాలిలా రాస్తూ వచ్చాను. ఒకటున్నది, కిందటి ఏడాది నవంబరుది: "ఎంతమంది బాప్తిస్మము పొందిరమ్మా? సంఘము ప్రార్థించుచున్నది." దాని కింద నేను పెట్టిన దండం బొమ్మ. ఆ రోజు అది చదివాను. అర్థమైంది కూడా. ముసలాయన ఏదో అనుకుంటున్నాడులే, రెండు వందల మంది మోకాళ్ళ మీద నా పేరు తలుస్తుంటే ఎందుకు కాదనాలి అనుకున్నాను. ఊళ్ళో కూతుర్ని వదిలేసిన ఆడది అనిపించుకోవడం కంటే అది బాగుంది. మైఖేల్‌కి కుర్చీ, అత్తకి పరువు, ఫ్లోరాకి ఒక ముద్ద అన్నం, నాకు ఆ దండం బొమ్మ. అందరం పంచుకుని తిన్నాం.

ఇంకొకటి. కిందటేడు టికెట్లు దొరికాయి. గౌరీశ్వరితో కలిసి శ్రీలంక వెళ్ళాను.

అక్టోబర్ 5, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే వేళ చెయ్యెత్తాను. నా పేరు వినగానే చర్చంతా సర్దుకుని కూర్చుంది. వెనక స్టాండుకి బిగించిన ఫోను దగ్గర ఫ్లోరా ఉంది.

"ఫ్లోరా, లైవు ఆపు" అన్నాను.

ఆపింది. భద్రత కోసం అనుకుని అందరూ తలలూపారు.

"నేను ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఫోటోలో పిల్ల నాకు నీళ్ళ మీద తేలడం నేర్పుతోంది."

"ఆమెన్!" అన్నారు ఎవరో. "బయపడకమ్మా, మీమున్నాం" అన్నారు ఇంకెవరో. పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. సోమవారం పాస్టరు గారింట్లో తగిలిన గోడే మళ్ళీ నా ముందు లేస్తోంది. కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. అప్పుడు మిగతాది కూడా చెప్పాను.

"నన్ను దేవుడు పంపలేదు. పేపర్లో ప్రకటన చూసి నేనే దరఖాస్తు పెట్టాను. హైదరాబాదులో ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు స్నానాల గదిలో తలుపేసుకుని గెంతాను. అక్కడ నేను లెక్కలు చెప్తాను. జీతం తీసుకుంటాను. శుక్రవారం పిల్లలతో షికారుకి వెళ్తాను. చాలా శుక్రవారాలు ప్రార్థన కూడా మర్చిపోతాను. మీరు వేసిన బొమ్మ అక్కడివాళ్ళు చూస్తే, ఏ పాపం తెలియని పిల్ల ఒకత్తి తన ఊళ్ళో తల ఎత్తుకోలేదు. దయచేసి దించెయ్యండి."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. గెంతానన్న మాట దగ్గర నమ్మారు. తగ్గింపు కోసం ఆ మాట ఎవరూ చెప్పరు కదా.

దీవెనమ్మ అత్త లేచి, చెప్పులు వేసుకోకుండానే వెళ్ళిపోయింది. మైఖేల్ నేల చూస్తూ కూర్చున్నాడు. ఆరాధన ఎలాగో ముగిసింది. జ్ఞానదాసు గారు ఎవర్నీ పిలవకుండా గేటు దగ్గరికి వెళ్ళి, ఆ వయసులో స్టూలెక్కి, బొమ్మ తాళ్ళు తనే కోశారు. చుట్టచుట్టి చంకలో పెట్టుకుని నా ముందునుంచే లోపలికి వెళ్ళారు. "ఆ గుంట పేరు నాను మైకులో రెండుసార్లు సదివీసాను" అని మాత్రం, వెళ్తూ వెళ్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

అదే రోజు, మధ్యాహ్నం

నేను ఇంటికొచ్చేసరికి ఫ్లోరా మంచం మీద లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. చర్చి బట్టలు మార్చుకోలేదు.

"తీసేశాను" అంది. "వీడియో తీసేశాను. చానల్లో నీ బొమ్మలన్నీ తీసేశాను."

గౌరీశ్వరికి చెప్పాను. కోటి వెతికితే వీడియో రాలేదట. వాడు ఎవరికీ చూపించలేదట. షామా మామూలుగానే ఉందట, పొద్దున్న వీధిలో నవ్వుతూ కనబడిందట. మంచం మీద కూలబడ్డాను. దేవుడా అన్నాను, ఈసారి మనసారా.

ఫ్లోరా ఇంకా తెర వైపే చూస్తోంది. దాని దగ్గర నేను పంపిన ఫోటోలన్నీ ఉన్నాయి. నాలుగేళ్ళవి. ఒక్కటి కూడా పోనివ్వలేదు. వరసగా పేర్లు పెట్టుకుంది: సేవ ఒకటి, సేవ రెండు, సేవ మూడు. ఇవి కూడా తీసెయ్యాలి కదా అంది. నీ ఇష్టం అన్నాను. నన్ను పక్కన కూర్చోమంది.

"ఇది? అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన కాదా?"

"దాగుడుమూతలు."

"ఇది? మోకాళ్ళ మీద ఉన్నావు."

"గవ్వలు ఏరుతున్నాను."

"ఇక్కడ రొట్టె విరుస్తున్నావు. ప్రభువు బల్ల అని రాశాను నేను."

"షామా పుట్టినరోజు."

ప్రతి దానికీ తల ఊపి, మీట నొక్కి తీసేసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. సగం అయ్యాక ఒకదాని దగ్గర ఆగింది.

"ఇది జూలై పద్దెనిమిది. ఆరోజు నాకు జ్వరం. నాన్నకి డ్యూటీ. నేను నీకు పదిసార్లు చేశాను, నువ్వు ఎత్తలేదు. సేవలో ఉన్నాదే, ఆపకు అంది మామ్మ."

"ఇసుక దిబ్బ మీద సిగ్నల్ ఉండదు రా" అన్నాను.

"నిన్ను రమ్మని నేను ఎప్పుడూ అడగలేదు, గుర్తుందా? ఒక్కసారి కూడా అడగలేదు. దేవుడి దగ్గర్నించి నిన్ను లాక్కోకూడదు కదా అని."

గుర్తుంది. నా కూతురికి ఎంత బుద్ధో అని గౌరీశ్వరికి చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

ఫ్లోరా మిగతావి చూడ్డం మొదలుపెట్టింది. ఇది ఏమిటని అడగడం మానేసింది. ఒక్కొక్క దాంట్లో నా మొహాన్నే పెద్దది చేసి చూసి, తీసేసి, ఇంకోదానికి వెళ్తోంది. అలా చాలాసేపు చూసింది. దేనికోసం వెతుకుతోందో నాకు అర్థం కాలేదు. చివరికి చెయ్యి ఆపి నా వైపు తిరిగింది.

"అన్నిట్లోనూ నవ్వుతున్నావమ్మా" అంది.

లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. అది వచ్చేలోపు మిగిలిన వాటిలో నేను కూడా వెతికాను. ఒక్కటైనా ఉంటుందేమో, నేను నవ్వనిది. లేదు.